నిచ్చెన మీద స్టిక్కర్, ఆదివారం బిర్యానీ

దుబాయ్, కువైట్, ఖతార్, సింగపూర్, ఇక్కడ న్యూజెర్సీ, ఎక్కడెక్కడో ఉన్న మన పనివాళ్ళందరూ బాగున్నారనుకుంటున్నాం. మా ఆదివారం హోటల్ ఫోటోలు కొన్నాళ్ళు ఆగిపోయేసరికి "ఏమైంది, ఊరెళ్ళిపోయారా, పని పోయిందా" అని చాలామంది అడిగారు. పని పోలేదండి. ఒళ్ళు పెరిగింది. ఆ సంగతి ఎలా తెలిసిందో, హోటల్ ఎందుకు మానేశామో, మళ్ళీ ఎలా మొదలుపెట్టామో రాస్తున్నాం. కొంచెం పొడుగే. టీ బ్రేక్ లో చదువుకోండి. టీలో చక్కెర తక్కువ వేసుకోండి.

మేము అంటే అయిదుగురం. పిస్కాటవే లో ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే కాంట్రాక్టర్ దగ్గర చేస్తాం. బేస్‌మెంట్లు పూర్తి చేయడం, కిచెన్లు, బాత్రూములు మార్చడం, షాపుల్లో లోపలి పని. ముగ్గురిది కోనసీమ, ఒకరిది రాయచోటి, అందరికంటే చిన్నోడిది జగిత్యాల. చిన్నోడు తప్ప మిగతా నలుగురం గల్ఫ్ చూసొచ్చినవాళ్ళమే. ఇక్కడికి ఎలా వచ్చామన్నది ఒక్కొక్కరిది ఒక్కో పోస్ట్ అవుతుంది, ఇప్పుడు వద్దు. పేర్లు కూడా రాయం. ఎందుకంటే బరువులు రాయబోతున్నాం.

మాలో సూపర్‌వైజర్ ఎవరో మీకు తెలుసు. పదో తరగతి పాసై ఈ పోస్టులన్నీ రాసేది ఆయనే. పొద్దున్నే నిచ్చెనలు చూడటం ఆయన పని. ఇక్కడ ప్రతి నిచ్చెనకీ పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది. టైప్ త్రీ అంటే 200 పౌండ్లు, టైప్ టూ అంటే 225, టైప్ వన్ 250, టైప్ వన్-ఏ 300. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ అంకె ఒట్టి మనిషి బరువు అనుకుంటారు. కాదు. మనిషి, బట్టలు, బూట్లు, నడుముకి కట్టిన టూల్ బెల్ట్, చేతిలో సామాను, అన్నీ కలిపి అంత. ఈ మాట మాకు ఆయన రోజూ చెప్పేదే. వినీ వినీ మాకు నోటికొచ్చేసింది.

మార్చి నెలలో ఒక షాపులో సీలింగ్ పని నడుస్తోంది. లైట్లు వచ్చే చోట కొలత తేడాగా ఉందని సూపర్‌వైజరే నిచ్చెన ఎక్కబోయాడు. టైప్ టూ నిచ్చెన. కింద పట్టుకున్నది జగిత్యాల తమ్ముడు. వాడు నవ్వకుండా అడిగాడు, "అన్నా, మాకు రోజూ చెప్తవు గదా స్టిక్కర్ చూడుమని. మరి నువ్వెంత ఉన్నవే?"

ఆయన ఒక మెట్టు మీద కాలు పెట్టి అలాగే ఆగిపోయాడు. తర్వాత దిగి, "నువ్వెక్కి చూడరా" అన్నాడు. కొలత తమ్ముడే చూశాడు.

ఆ రాత్రి బాత్రూమ్ లో తూకం మిషన్ బయటికి తీశాం. సూపర్‌వైజర్ 214 పౌండ్లు, అంటే 97 కిలోలు. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు నాలుగింటికి మూడు కిలోలు తక్కువ. టూల్ బెల్ట్ 15 పౌండ్లు. రెండూ కలిపితే 229. స్టిక్కర్ మీద 225. మిగతావాళ్ళం కూడా నవ్వుతూనే ఎక్కాం. 198, 191, 187. తమ్ముడొక్కడే 152. వాడు తప్ప ఎవరం నవ్వుతూ దిగలేదు.

ఎలా పెరిగామో ఆలోచిస్తే అర్థం కానిదేం లేదు. గల్ఫ్ లో ఉన్నప్పుడు యాభై కిలోల సిమెంట్ బస్తాలు మోసేవాళ్ళం. ఎంత అన్నం తిన్నా ఎండకే కరిగిపోయేది. ఇక్కడికొచ్చాక చేతులకి పని ఉంది గానీ బరువులన్నీ మిషన్లే మోస్తున్నాయి. కాళ్ళకి బదులు ట్రక్కు. పొద్దున కాఫీతో డోనట్, మధ్యాహ్నం శాండ్‌విచ్ తో కోలా. ఒక డబ్బా కోలాలో దగ్గర దగ్గర 39 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే పది టీ చెంచాలు. అది డబ్బా మీదే రాసి ఉంటుంది, మేమెప్పుడూ తిప్పి చూడలేదు. పని మారింది, ఆకలి మాత్రం పాత పనిదే మిగిలింది.

ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఇక్కడ ఉంటాయి. ఇన్సూరెన్స్ లేనివాళ్ళు కూడా వెళ్ళొచ్చు, ఈ సంగతి తెలియని మనవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడికెళ్ళి రక్తం ఇచ్చాం. ఎ1సి అని మూడు నెలల షుగర్ చెప్పే పరీక్ష. 5.7 లోపు ఉంటే మంచిది. 5.7 నుంచి 6.4 దాకా అంచు మీద ఉన్నట్టు. 6.5, ఆపైన ఉంటే షుగర్ వచ్చినట్టు. సూపర్‌వైజర్ కి 6.3 వచ్చింది. రాయచోటి అన్నకి 6.0.

అక్కడి డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. ఎత్తుకి తగ్గ బరువు లెక్క ఉంటుంది కదా, బీఎంఐ అని, అందరికీ 25 దాటితే ఎక్కువ బరువు అంటారు. మన ఆసియా వాళ్ళకి అంతకంటే ముందే షుగర్ పట్టుకుంటుందని, 23 దాటితేనే పరీక్ష చేయించమని 2015 నుంచి అమెరికా డయాబెటిస్ సంఘం చెప్తోందట. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి 25 అంటే సుమారు 72 కిలోలు. 23 అంటే 67. మా సూపర్‌వైజర్ ఎత్తు అంతే. ఆయన 97.

"నేను ఇరవై కిలోలు తగ్గమనడం లేదు, మీ బరువులో 7 శాతం తగ్గండి, వారానికి 150 నిమిషాలు నడవండి" అంది. ఈ లెక్క పెట్టుకుని అమెరికాలో పెద్ద పరీక్ష చేశారట, 2002లో ఫలితాలు వచ్చాయి. అంచు మీద ఉన్నవాళ్ళలో షుగర్ వచ్చేవాళ్ళు 58 శాతం తగ్గారు. 214లో 7 శాతం అంటే 15 పౌండ్లు. సరిగ్గా ఒక టూల్ బెల్ట్.

మన సంగతి మనకి తెలుసు కదా. ఊళ్ళో పొలం ఉన్నా లేకపోయినా, ఇక్కడ మన పెట్టుబడి ఒళ్ళే. మాలో ఒకరి నాన్నగారికి షుగర్ తో కాలి వేలు తీసేశారు. ఆయన తాపీ మేస్త్రి. ఆ తర్వాత మళ్ళీ పరంజా ఎక్కలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం ఎక్కువ మాట్లాడుకోలేదు.

మర్నాటి నుంచి డైట్. తెలుగువాళ్ళం కదా, డైట్లకి కరువా. ఒకరు వీరమాచనేని గారి వీడియోలు చూసి కొబ్బరినూనె తెచ్చారు. ఒకరు మంతెన గారి మాట అని ఉప్పు మానేశారు. ఒకరు ఖాదర్ వలీ గారి కొర్రలు నానబెట్టారు. ఒకే పొయ్యి మీద నాలుగు గిన్నెలు, నాలుగు మతాలు. ఎవరి పద్ధతి మంచిదో తేల్చడానికి మేమెవరం? మేము చెప్పేది ఒక్కటే, నాలుగూ ఒకే వంటింట్లో ఒకేసారి నడవవు. అందరం కలిసి ఒప్పుకున్నది మాత్రం ఒకటుంది. ఆదివారం హోటల్ బంద్.

అదే తప్పు అయింది.

ఆదివారం హోటల్ అంటే మాకు తిండి ఒక్కటే కాదు. పిస్కాటవే లో స్టెల్టన్ రోడ్డు మీద, పక్కనే ఎడిసన్ లో, ఐసెలిన్ ఓక్ ట్రీ రోడ్డు మీద ఎటు చూసినా మన హోటళ్ళే. వారం అంతా ఇంగ్లీషు, స్పానిష్ సగం సగం మాట్లాడి, ఆదివారం ఒంటిగంటకి లోపలికి వెళ్ళగానే ఎవరో "కూర్చోండి బాబు" అంటారు. పక్క టేబుల్ లో ఎవరో పిల్లాడిని తెలుగులో తిడుతుంటారు. ఆ రెండు గంటలు మేము పనివాళ్ళం కాదు, మనుషులం. అది పోయింది. ఆదివారం ఎవరి డబ్బా వాళ్ళు పట్టుకుని ఎవరి గదిలో వాళ్ళు ఫోన్ చూస్తూ తిన్నాం. మాటలు తగ్గాయి. చిన్న చిన్నవాటికి చిరాకులు. టూత్‌పేస్ట్ దగ్గర కూడా గొడవ.

అయిదో వారం సోమవారం పొద్దున ట్రక్కు తలుపు తీస్తే గుప్పున బిర్యానీ వాసన. సీటు కింద ఖాళీ డబ్బా, రైతా కప్పు. రాయచోటి అన్న తల దించుకుని, "నేనేన్నా. నిన్న సాయంత్రం సామాను తెస్తానని పోయి, హోటల్ పార్కింగ్ లోనే కూచోని తినేసినా" అన్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి, దొంగలా లైట్ ఆర్పుకుని ట్రక్కులో తిన్నాడు. ఎంత తిన్నావన్నా అంటే, "మొత్తం. రుచి గూడా తెలీలేదు, ఎవరన్నా చూస్తారేమోనని" అన్నాడు.

ఎవరం తిట్టలేదు. ఎలా తిడతాం? కాసేపాగి సూపర్‌వైజర్ కూడా ఒప్పుకున్నాడు. అంతకుముందు వారం ఆయన కూడా అదే పార్కింగ్ లో, ఇంకో మూల, నాలుగు మిర్చి బజ్జీలు. తమ్ముడు ఒక్కడే పగలబడి నవ్వాడు. "ఇద్దరు ఒక్కతానే కూసొని తింటే అయిపోతుండె గదనే!"

వాడు నవ్వుతూ అన్నాడు గానీ మాకు గుచ్చుకుంది. తిండి మానలేకపోవడం ఒక సంగతి. దాన్ని దాచుకుని ఒంటరిగా తినాల్సి రావడం ఇంకో సంగతి. ఆ రాత్రి కూర్చుని మాట్లాడుకున్నాం. హోటల్ కి వెళ్దాం, కానీ సైట్ లో పని మొదలుపెట్టే ముందు ప్లాన్ చూసుకున్నట్టు చూసుకుని వెళ్దాం అని.

ముందు బఫే సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. మనిషికి 22 డాలర్లు. లోపలికి అడుగు పెట్టగానే మా బుర్రలో మీటర్ తిరగడం మొదలవుతుంది. గారెలు రెండు తింటే ఇంత వచ్చింది, మటన్ వేసుకుంటే ఇంత వచ్చింది, మూడో ప్లేట్ కి డబ్బులు వసూలు, నాలుగోది లాభం. ఆ లాభం ఎక్కడ జమ అవుతోందో మేము చూసుకోలేదు. తూకం మిషన్ చూపించింది.

దీని వెనక ఇంకొకటి ఉంది, రాయాలి. మాలో కోనసీమ వాళ్ళం ముగ్గురం 1996 నవంబర్ తుఫాను చూసినవాళ్ళం. అప్పటికి మేము బడి పిల్లలం. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు విరిగి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి, కోతకొచ్చిన చేలు నీళ్ళలో. తర్వాత కొన్నాళ్ళు పంచిన బియ్యం కోసం వరసలో నిలబడ్డాం. అలా పెరిగినవాడికి విస్తట్లో మెతుకు వదలడం అంటే తప్పు చేసినట్టే ఉంటుంది. ఎదురుగా తిండి ఉంటే రేపటికి కూడా తినేయాలనిపిస్తుంది. మీలో చాలామందికి తుఫాను కాకపోతే కరువు, కరువు కాకపోతే అప్పు, ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అందుకే "తక్కువ తిను" అని ఎవరన్నా సులువుగా అంటే కోపం వస్తుంది. అది తిండిపోతుతనం కాదు, భయం. కానీ ఆ భయానికి ఇప్పుడు పని లేదు. ఫ్రిజ్ ఉంది, డబ్బా ఉంది.

ఆ డబ్బాతోనే మా దారి దొరికింది.

మొదటి ఆదివారం ఇలా చేశాం. పదకొండింటికి ఇంట్లోనే తలా ఒక ఉడికించిన గుడ్డు, గ్లాసు మజ్జిగ. కడుపు మాడ్చుకుని వెళ్తే మెనూ చూసేది కళ్ళు కాదు, ఆకలి. బఫే వద్దనుకుని మెనూలోంచి చెప్పాం. అయిదుగురికీ కలిపి రెండు ప్లేట్లు తందూరీ చికెన్, ఒక గోంగూర మటన్, ఒక పాలకూర పప్పు, ఉల్లిపాయ దోసకాయ ముక్కలు రెండు ప్లేట్లు, ఒక ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ. కోలా లేదు, లస్సీ లేదు, మంచినీళ్ళు. బిర్యానీ వచ్చిన వెంటనే, ఎవరం చెయ్యి పెట్టక ముందే, రెండు డబ్బాలు తెప్పించుకుని సగం కట్టేశాం.

వడ్డించే ఆవిడ గుంటూరు వైపు మనిషి. డబ్బాలు చూసి మొహం చిన్నబుచ్చుకుంది. "అదేంటి బాబు, రుచి చూడకుండానే కట్టేస్తున్నారు? వంట బాగోదనా?"

రాయచోటి అన్న అన్నాడు, "బాగుంటాదనే కడుతున్నామక్కా. ముందు పెట్టుకోకపోతే మిగలదు."

సంగతి చెప్తే ఆవిడ నవ్వింది. "మా ఆయనకీ షుగరే. నేనూ ఇలాగే ముందే తీసి పెట్టేస్తే పోయేది" అంది. చివర్లో తన తరఫున గులాబ్ జామూన్లు పట్టుకొచ్చింది. కాదంటే బాధపడుతుంది. రెండు తీసుకుని అయిదుగురం చెంచాతో పంచుకున్నాం. మన దగ్గర పెట్టేవాళ్ళ చేతిని తోసేయలేం, తోసేయనక్కర్లేదు కూడా. కొంచెం తీసుకుని, "చాలక్కా, చాలా బాగుంది" అని మనసారా అంటే వాళ్ళకి చాలు. వాళ్ళకి కావలసింది మన ప్లేట్ నిండటం కాదు, మన మొహం నిండటం.

ఇక తినడం. మెల్లగా తిన్నాం. గోంగూర పులుపు నాలుక మీద తగలగానే ఒకడు "అమ్మ ఎండుమిరపకాయ ఇంకోటి వేసేది" అన్నాడు. అక్కడి నుంచి మాటలు మొదలు. ఒకరి కూతురికి ఇంటర్ లో ఎన్ని మార్కులొచ్చాయో మిగతా నలుగురికీ అప్పుడే తెలిసింది. అయిదు వారాలు ఒకే ఇంట్లో ఉండి. పాత ఆదివారాల్లో నాలుగో ప్లేట్ దగ్గర మాకు రుచీ తెలిసేది కాదు, మాటా వచ్చేది కాదు, ఆయాసం ఒక్కటే వచ్చేది.

బిల్లు 98 డాలర్లు, టిప్పు కాకుండా. బఫే అయితే 110 అయ్యేది. పైగా కట్టిన బిర్యానీ సోమవారం ముగ్గురికి మధ్యాహ్నం భోజనం అయింది. మీటర్ తిప్పే బుర్రకి కూడా ఈ లెక్క నచ్చింది.

అక్కడి నుంచి ఇంటికెళ్ళి పడుకోకుండా జాన్సన్ పార్క్ కి వెళ్ళాం. రారిటన్ నది పక్కన పొడుగ్గా ఉంటుంది, డబ్బులు అక్కర్లేదు. అందులోనే పాతకాలం చెక్క ఇళ్ళు తెచ్చి నిలబెట్టిన చిన్న ఊరు ఒకటుంది, ఈస్ట్ జెర్సీ ఓల్డ్ టౌన్ అని. ఆ ఇళ్ళ కిటికీలు, దూలాలు చూస్తూ మనలాంటి ఏ మేస్త్రీలు చేశారో అనుకుంటూ నడిస్తే నలభై అయిదు నిమిషాలు తెలియకుండా గడిచిపోయాయి.

కొన్ని లెక్కలు మీకోసం. ఇక్కడ ఇరవై, అంతకంటే ఎక్కువ బ్రాంచీలున్న పెద్ద హోటళ్ళు మెనూ మీద క్యాలరీలు రాయాలని 2018 మే నుంచి రూల్ ఉంది. మన హోటళ్ళు ఎక్కువగా చిన్నవి, అక్కడ అంకె దొరకదు. కాబట్టి రెండు గుర్తుపెట్టుకుంటే చాలు. వండిన తెల్లన్నం ఒక కప్పు సుమారు 200 క్యాలరీలు. నూనె ఒక పెద్ద చెంచా 120. కూర పైన తేలే నూనెని గరిటెతో పక్కకి నెట్టి ముక్కలు వేసుకోండి. ప్లేట్ లో సగం కూరగాయలు, పావు మాంసమో గుడ్డో పప్పో, పావు అన్నం. తొమ్మిది అంగుళాల ప్లేట్ అన్నారు, మన హోటల్ పళ్ళెం అంతకంటే పెద్దది, దాన్ని నింపాలని ఎక్కడా లేదు.

ఒక జాగ్రత్త. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవాళ్ళు మా పోస్ట్ చూసి డాక్టర్ ని అడక్కుండా అన్నం తగ్గించొద్దు, పూట మానొద్దు. కొన్ని మందులకి షుగర్ ఒక్కసారి పడిపోతుంది. నిచ్చెన మీద కళ్ళు తిరిగితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

గల్ఫ్ క్యాంపుల్లో ఉన్న తమ్ముళ్ళూ, మీలో చాలామందికి ఆదివారం లేదు, శుక్రవారం ఉంది. మెనూ ఎంచుకునే వీలు అందరికీ ఉండదని మాకు తెలుసు, మేమూ ఆ మెస్సుల్లో తిన్నాం. అయినా పెద్ద పళ్ళెం నలుగురు కలిసి తెప్పించుకుంటారు కదా, ముందే ఒక వంతు తీసి రాత్రికి పెట్టుకోండి. డబ్బా కోలా మానేయండి. ఒక్కరే తినకండి.

నాలుగు నెలలైంది. అన్ని ఆదివారాలూ బుద్ధిగా లేం. ఒక వారం వాన, పని ఆగింది, మనసు బాగోలేదు, బఫేకి వెళ్ళి మూడు ప్లేట్లు లాగించాం. దాచుకోలేదు, మర్నాడు మళ్ళీ మామూలే. సూపర్‌వైజర్ 201కి వచ్చాడు. 15 తగ్గమంటే 13 తగ్గాడు. ఎ1సి 5.9, ఇంకా అంచు మీదే. రాయచోటి అన్న 198 నుంచి 197. ఆయనకి రాత్రి తొమ్మిదింటి అన్నం ఇంకా వదల్లేదు. ఆయన్ని ఎవరం ఏమీ అనం. ట్రక్కులో మాత్రం ఒంటరిగా తినడం లేదు, మాకు అది కూడా తగ్గిన బరువు కిందే లెక్క.

మొన్న అదే టైప్ టూ నిచ్చెన. తమ్ముడు కింద పట్టుకుని స్టిక్కర్ గట్టిగా చదివాడు, "రెండొందల ఇరవై అయిదు". సూపర్‌వైజర్ 201, బెల్ట్ 15, మొత్తం 216. ఎక్కాడు. చేతిలో కొలత టేపు ఒక్కటే. డ్రిల్లు ఇవ్వమంటే తమ్ముడు ఇవ్వలేదు. "గదానికి ఇంకో రెండు ఆదివారాలు ఆగాలె అన్నా" అన్నాడు.

కాంట్రాక్టర్ ఇప్పుడు 300 పౌండ్ల నిచ్చెనలు రెండు తెప్పించాడు. వాటిని చూసి ఇంకో ప్లేట్ పడుతుందని ఎవరం అనుకోకుండా, ఆ పాత దాన్ని అమ్మొద్దని అడిగి ఉంచుకున్నాం.

ఉంటాం. ఒళ్ళు జాగ్రత్త.